ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉండి, పెద్దాయన తీరు మారితే కుటుంబం ఏం చేయవచ్చు?

అమ్మా, చదివేవాళ్ళకి కూడా తెలియడం కోసం మీ ప్రశ్న క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. మీది ఉదయగిరి దగ్గర పల్లె. మామగారి పేరున లైసెన్సు ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఇంట్లో ఉంది. అత్తగారు పోయినప్పటి నుంచి ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు, మందు ఎక్కువైంది. గట్టు తగాదాలో పక్క పొలం వాళ్ళని కాల్చి పారేస్తానని నలుగురి ముందు అన్నారు. పోలీసులకి చెబితే ఆయన మీద కేసవుతుందని, పరువు పోతుందని మీ భయం. పైగా ఊళ్ళో అడవి పందుల కోసమని కొందరు నాటు తుపాకులు పెట్టుకున్నారు, వాటి సంగతేమిటని అడిగారు.

ముందు అసలు జవాబు చెప్తాను. ఆ తుపాకీ ఈ వారంలోనే ఇల్లు దాటాలి. దానికి కేసు అక్కర్లేదు, లైసెన్సు రద్దు కానక్కర్లేదు. లైసెన్సు ఉన్న మనిషి తన తుపాకీని తానే తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవచ్చు. కుదుటపడ్డాక మళ్ళీ తెచ్చుకోవచ్చు.

నాది గిద్దలూరు వైపు. మా దగ్గర మిలిటరీకి పోయినవాళ్ళు ఎక్కువ. రిటైరై వచ్చాక చాలామంది పన్నెండు బోరు తుపాకీ కొనుక్కుని బ్యాంకుల్లో గన్‌మన్లుగా చేరతారు. నేను చేశాను, మా అన్నా చేశాడు. మీరు రాసింది చదివితే మా అన్నే గుర్తొచ్చాడు.

అన్నకి బ్యాంకు పని పోయాక నిద్ర పోయింది. రాత్రంతా వసారాలో కూర్చునేవాడు. తాగినప్పుడు ఎవరెవరి మీదో పళ్ళు నూరేవాడు, తాగనప్పుడు ‘నేనుండి ఏం లాభం’ అనేవాడు. నన్ను భయపెట్టింది ఆ రెండో మాట. ఒకరోజు వదిన ఫోన్ చేసి, ‘నాయనా, తూటాలు బియ్యం డ్రమ్ములో దాచినా. ఎన్నాళ్ళు దాచాల?’ అంది. ఆ సాయంత్రమే బయల్దేరి వెళ్ళాను.

వెళ్ళగానే తుపాకీ మాట ఎత్తలేదు. అన్నం తిన్నాం, ఆరోగ్యం గురించి, పిల్లల గురించి మాట్లాడుకున్నాం. తెల్లారి తాగక ముందు చెప్పాను: ‘అన్నా, ఎలక్షనప్పుడు పెడతాం గదా, అట్లనే పెడదాం. ఒంట్లో బాగయినాక తెచ్చుకుందువు.’ చాలాసేపు పలకలేదు. తర్వాత లేచి బీరువా తీశాడు. పైనున్న లివరు పక్కకి తోసి బ్యారెల్ వంచి, వాకిలి వైపు ఎత్తి నాకు చూపించాడు. రెండు గొట్టాల్లోంచి వెలుతురు కనపడింది, లోపల ఏమీ లేదు. వదిన డ్రమ్ములో చెయ్యి పెట్టి, బియ్యం అంటుకున్న గుడ్డ సంచి తీసి మంచం మీద కుమ్మరించింది. లైసెన్సు పుస్తకంలో ఉన్న లెక్కతో తూటాలు సరిచూసుకుని ముగ్గురం స్టేషన్‌కి పోయాం.

స్టేషన్లో ఒక చిక్కు వచ్చింది, అది మీకూ రావచ్చు. ‘ఇప్పుడు ఎలక్షన్ కోడ్ లేదు గదా, ఎందుకు తెచ్చారు, కలెక్టరాఫీసు నుంచి కాయితం తెండి’ అన్నారు. మేం తిరిగి రాలేదు. ఎస్సై వచ్చేదాకా కూర్చుని, ఆరోగ్యం బాగాలేక భద్రత కోసం పెడుతున్నానని అన్న చేతే అర్జీ రాయించి ఇచ్చాం. తుపాకీ మీద కొట్టిన నంబరు, లైసెన్సులో నంబరు సరిచూసి స్టేషన్ రైటర్ రసీదు రాసిచ్చాడు. తుపాకీ బరువు దిగాకే అన్న డాక్టరు దగ్గరికి వచ్చాడు. కొన్నాళ్ళకి కలెక్టరాఫీసుకి తెలియజేసి, తనంతట తనే దాన్ని డీలరుకి అమ్మేశాడు. ఇవాళ మా అన్న బతికున్నాడు, మనవరాలిని బడికి దిగబెట్టి వస్తున్నాడు.

ఎలక్షన్ మాట ఎందుకు వాడానో చెప్తాను, మీకూ పనికొస్తుంది. కోడ్ వచ్చిందంటే జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ చూసి లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టిస్తుంది. 2024 మేలో మనకి ఎన్నికలు జరిగినప్పుడూ అంతే. బ్యాంకు గన్‌మన్ల లాంటివాళ్ళకి మినహాయింపు ఉంటుంది. పెద్ద పెద్ద వాళ్ళు కూడా వరసలో నిలబడి పెట్టి వస్తారు. దాన్నెవరూ నామర్దా అనుకోరు. మీ మామగారికి అలవాటైన పనే కాబట్టి అలాగే అడగండి. కోడలు అడిగితే రోషం రావచ్చు. ఆయన మాట కాదనని మనిషి ఎవరున్నారో చూడండి: బావమరిదో, పాత స్నేహితుడో. మీ ఆయన ఆ మనిషిని వెంటబెట్టుకుని పొద్దున్నే మాట్లాడితే మంచిది.

రాజీగా ఒప్పుకోకపోతే చట్టం ఉంది. ఆయుధాల చట్టం 1959లోది. అందులో 22వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి దగ్గర ఆయుధం ఉంటే ప్రజల శాంతికి, భద్రతకి ప్రమాదమని జిల్లా మేజిస్ట్రేట్‌కి, అంటే కలెక్టరుకి, నమ్మకం కలిగితే, కారణాలు రాసి, సోదా చేయించి దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. లైసెన్సు ఉన్నా సరే. 17వ సెక్షన్ కింద లైసెన్సు సస్పెండ్ చేయవచ్చు, రద్దూ చేయవచ్చు. ఆయనకి అది అన్యాయం అనిపిస్తే 18వ సెక్షన్ కింద అప్పీలుకి పోయే హక్కు ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పోలీస్ కమిషనరేట్ లేదు కాబట్టి లైసెన్సు అధికారి కలెక్టరే. అమెరికాలో ‘రెడ్ ఫ్లాగ్’ చట్టాలని మనవాళ్ళు గొప్పగా చెప్తుంటారు, కుటుంబం కోర్టుకి చెప్పి తుపాకీ తీయించే పద్ధతి. అక్కడ మొదట తెచ్చిన రాష్ట్రం కనెక్టికట్, 1999లో. మన 22వ సెక్షన్ అంతకు నలభై ఏళ్ళ ముందుది. ఇంట్లో ఏం జరుగుతోందో ఇంట్లోవాళ్ళు చెప్పకపోతే కలెక్టరుకి మాత్రం ఎట్లా తెలుస్తుంది?

ఇంకో సంగతి. 2019 సవరణకి ముందు లైసెన్సు మూడేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఐదేళ్ళు. లైసెన్సుకి అర్జీ పెట్టినప్పుడు పోలీసు విచారణ ఉంటుంది, మానసిక స్థితి బాగుందని డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. అంతా బాగానే ఉంది. కానీ ఐదేళ్ళలో భార్య పోతుంది, అప్పులవుతాయి, మనిషి మందుకి బానిసవుతాడు. పుస్తకంలో మాత్రం లైసెన్సు చెల్లుతూనే ఉంటుంది. ఆ మధ్య కాలమంతా ఆయన్ని చూస్తున్నది మీరే. అందుకే మీరు చెప్పడం మామగారిని పట్టివ్వడం అవుతుందని నేననుకోను. నిజంగా కేసయ్యేది పక్క పొలం వాళ్ళు ముందుగా స్టేషన్‌కి పోతేనే. నలుగురి ముందు చంపుతానన్నాక బెదిరింపు కేసు పెట్టడానికి వాళ్ళకి అవకాశం ఉంది. అప్పుడు తుపాకీతో పాటు ఆయనా స్టేషన్లో ఉంటారు.

అర్జీ కలెక్టరు పేరున రాయండి, నకలు ఎస్పీకి ఇవ్వండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నేరుగా ఇవ్వవచ్చు. పిచ్చి పట్టిందని, దుర్మార్గుడని రాయొద్దు. ఫలానా రోజు, ఫలానా చోట, ఈ మాట అన్నారు, వీళ్ళు విన్నారు, తాగుడు ఇలా ఉంది, లైసెన్సు నంబరు ఇది, అంతే. అర్జీ ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి. తుపాకీ చేతిలో పట్టుకుని బయల్దేరిన రోజు మాత్రం అర్జీలు లేవు, బతిమాలడాలు లేవు. పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి 112కి ఫోన్ చేయండి.

భయం కొద్దీ ఆయనకి తెలియకుండా తుపాకీ తీసి కారులో వేసుకుని పోవద్దు. లైసెన్సు లేనివాళ్ళు తుపాకీ మోయాలంటే లైసెన్సుదారు పక్కన ఉండాలి, లేదా ఆయన రాసిచ్చిన కాయితం ఉండాలి, అదీ రిపేరు, రెన్యువల్ లాంటి పనులకే. 3వ సెక్షన్ అంతవరకే ఒప్పుకుంటుంది. దారిలో ఆపితే చిక్కు మీకే. బావిలో పడేయడం అంతకన్నా ప్రమాదం. అప్పగించేదాకా తుపాకీ ఒక బీరువాలో, తూటాలు వేరే పెట్టెలో పెట్టి, రెండింటికీ తాళాలు వేసేలా ఆయనతోనే చేయించండి.

ఆయన వల్ల పక్కవాళ్ళకి ఏమవుతుందోనని మీరు భయపడుతున్నారు, ఆయనకి ఏమవుతుందో కూడా చూడండి. అమెరికాలో తుపాకీ వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. పెళ్ళాం పోయిన పెద్దమనిషి, నిద్ర లేదు, మందు, చేతికందే దూరంలో తుపాకీ. అవన్నీ ఒకచోట ఉండకూడదు. మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆయన మాట్లాడకపోతే మీరు మాట్లాడి ఎలా ఒప్పించాలో అడగండి. గట్టు సంగతికి సచివాలయంలో సర్వేకి అర్జీ పెట్టండి. రాయి పాతితే సగం కోపం దిగుతుంది.

ఇక నాటు తుపాకులు. పందుల బాధ నాకు తెలుసు. నల్లమల అంచున పొలం ఉన్నవాళ్ళకి, మీ వెలిగొండ కింద ఉన్నవాళ్ళకి ఒక్క రాత్రిలో వేరుశనగ చేను దున్నేసినట్టవుతుంది. పంట కాపలాకి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది, 13వ సెక్షన్‌లో. కానీ లైసెన్సు లేకుండా ఉంచుకుంటే రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ జైలు. తయారు చేసినవాడికి ఏడేళ్ళకి తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. 2019 సవరణలో పెంచిన శిక్షలివి. లైసెన్సు లేని తుపాకుల మీద 2023లో సుప్రీం కోర్టు తనంతట తానే విచారణ మొదలుపెట్టి, ఆయుధం పట్టే హక్కు అమెరికా రాజ్యాంగంలో లాగా మన దగ్గర లేదని గుర్తు చేసింది.

శిక్ష సంగతి పక్కన పెట్టినా, ఆ తుపాకీని నమ్మడానికి లేదు. ఏ పైపో తెచ్చి గొట్టం చేస్తారు, మందు ఎంత కూరాలో చేతి అంచనా. మా పక్క ఊళ్ళో ఒకతనికి గొట్టం పగిలి ఎడమ చేతి వేళ్ళు పోయాయి. పంది కోసమని చేసింది కాబట్టి ఆసుపత్రిలో కూడా నిజం చెప్పలేక టపాకాయ అన్నాడు. రాత్రిపూట చేలో కదిలింది పందో, నీళ్ళు కట్టడానికి వచ్చిన మనిషో తెలియకుండా కాలుస్తారు. కంచెకి కరెంటు పెట్టడం కూడా ఇంతే. చీకట్లో పోయేది ఎక్కువగా మన ఊరి మనిషే. అడవి పందిని అనుమతి లేకుండా చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద కూడా నేరం. పంట నష్టం ఫొటోలతో అటవీ శాఖకి రాసివ్వమని, రైతులు కలిసి వంతులవారీగా కాపలా పెట్టుకోమని మీ ఊరి పెద్దలతో చెప్పించండి. ఎవరింట్లో నాటు తుపాకీ ఉందో, మీ పేరు బయటపెట్టొద్దని అడిగి 112కి చెప్పవచ్చు.

స్టేషన్‌కి పోయేటప్పుడు లైసెన్సు పుస్తకం, ఆధార్, తూటాలు కొన్న బిల్లులు పెట్టుకోండి. బయల్దేరే ముందు పుస్తకంలో గడువు తేదీ చూడండి. గడువు దాటి ఉంటే ఇంక ఇష్టాయిష్టాలు ఉండవు, 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం లేకుండా అప్పగించి తీరాలి. ఆ మాటే ఆయనకి చూపించండి. కొంతమంది పెద్దవాళ్ళు కొడుకు మాట వినరు గానీ, రాతపూర్వకంగా ఉన్న రూలుకి తలొగ్గుతారు.