పన్ను మినహాయింపు కోసం ఇంటిని తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మోటార్లకు కంట్రోలర్లు తయారుచేస్తాం. నేను, నా భార్య డైరెక్టర్లం. మా జీతాలు పోను ఏటా 18 లక్షల దాకా లాభం ఉంటోంది. 22 శాతం పన్ను విధానం ఎంచుకున్నాం. కొత్త మోడల్ కోసం 60 లక్షలతో ఆర్ అండ్ డీ ల్యాబ్ పెడదామనుకుంటున్నాం. పరిశోధన ఖర్చుకు రెట్టింపు మినహాయింపు వస్తుందని, పన్నులో మిగిలే డబ్బుతోనే అప్పు తీరిపోతుందని ఒక కన్సల్టెంట్ చెప్పారు. ఇంటి మీద 10.5 శాతం వడ్డీకి పదేళ్ల లోన్ ఇస్తామని బ్యాంకు అంటోంది. ఇంటి ఖర్చు నెలకు 65 వేలు. ఫిక్స్‌డ్ డిపాజిట్ 2 లక్షలు, ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిసినది) 10 లక్షలు ఉన్నాయి. పిల్లలిద్దరూ స్కూల్లో ఉన్నారు. నాకు 43 ఏళ్లు. ముందుకు వెళ్లొచ్చా?

జవాబు: వద్దండీ. ల్యాబ్ పెట్టొద్దని నా ఉద్దేశం కాదు, ఈ అప్పుతో పెట్టొద్దు.

ముందుగా ఆ రెట్టింపు సంగతి. కంపెనీలు సొంత ల్యాబులో చేసే పరిశోధన ఖర్చుకు సెక్షన్ 35(2ఏబీ) కింద 200 శాతం మినహాయింపు ఉండేది నిజమే. అది 2017 మార్చి 31తో ముగిసింది. తర్వాత 150 శాతం చేశారు. 2020 ఏప్రిల్ 1 నుంచి అదీ లేదు, 100 శాతమే. పైగా దానికి డీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం) ఆమోదం కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, రాయితీలు వదులుకుని తక్కువ రేటు కట్టే మీ 22 శాతం విధానంలో ఈ సెక్షన్‌ను వాడుకునే వీలే లేదు. ఇన్నేళ్ల కిందట ఆగిపోయిన రాయితీని చూపించి ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టమనే సలహాను నేను సలహా అనను.

మీకు మిగిలేది సెక్షన్ 35(1) కింద వచ్చే మామూలు మినహాయింపు. వ్యాపారానికి సంబంధించిన పరిశోధనపై పెట్టిన జీతాలు, సామగ్రి ఖర్చు పూర్తిగా తీసేసుకోవచ్చు. పరికరాల ఖర్చు కూడా అదే ఏడాది మొత్తం తీసేసుకోవచ్చు, స్థలం విలువకు మాత్రం వీల్లేదు. మామూలు యంత్రాల ఖర్చునైతే ఏటా 15 శాతం చొప్పున తరుగుదలగానే తీసేసుకోవాలి కాబట్టి ఇది కొంత మేలే. కానీ ఆ మేలు పన్ను కాస్త వెనక్కి జరగడమే, ప్రభుత్వం డబ్బు చేతికివ్వడం కాదు. ఆస్ట్రేలియా లాంటి చోట్ల నష్టాల్లో ఉన్న చిన్న కంపెనీకి పరిశోధన ఖర్చులో కొంత నగదుగా వెనక్కి వస్తుంది. మన దగ్గర ఆ పద్ధతి లేదు. ఇక్కడ లాభం ఉంటేనే మినహాయింపుకు విలువ.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. 60 లక్షల మినహాయింపు అంటే 60 లక్షలు మిగిలినట్టు మనసులో లెక్కేసుకుంటారు. సర్‌ఛార్జి, సెస్ కలిపి మీ కంపెనీ కట్టే పన్ను 25.168 శాతం. అంటే వంద ఖర్చు పెడితే పాతిక మిగులుతుంది, డెబ్బై ఐదు మీ జేబులోంచే పోతుంది. మొత్తం 60 లక్షల మీద ఆదా 15 లక్షలు. అదీ ఒకేసారి రాదు. మీ లాభం 18 లక్షలు కాబట్టి ఈ ఏడాది తగ్గే పన్ను నాలుగున్నర లక్షలే, మిగతాది వచ్చే ఏళ్ల లాభాలకు బదిలీ అవుతుంది. లోన్ మీద మొదటి ఏడాది వడ్డీయే 6 లక్షల పైన ఉంటుంది. పదేళ్లలో కట్టే వడ్డీ 37 లక్షలు. ఆ వడ్డీకీ మినహాయింపు వస్తుందంటారేమో. కంపెనీ పేరున, కంపెనీ అవసరానికి తీసుకుంటే వస్తుంది. అయినా అది కూడా ఖర్చే కదా, అందులోనూ పాతికే వెనక్కి వచ్చేది. 15 లక్షల ఆదా చూసి 37 లక్షల వడ్డీకి సంతకం పెట్టడం ఏ లెక్కలోనూ సరిపోదు.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టింది మీ ఉత్తరంలోని ఇంకో అంకె. 2 లక్షల డిపాజిట్. ఈఎంఐ 81 వేలు, ఇంటి ఖర్చు 65 వేలు, కలిపి నెలకు 1.46 లక్షలు. కొనుగోలుదారుల నుంచి డబ్బు రావడం రెండు నెలలు ఆలస్యమైతే మీ దగ్గర ఉన్నది నెలన్నరకు కూడా రాదు. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆపైన సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. ఆ తర్వాత కోర్టులో దావా వేయకుండానే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకునే చర్యలు మొదలుపెట్టొచ్చు. అంటే ఒక చెడ్డ సీజన్‌కి, మీ పిల్లలు ఇల్లు ఖాళీ చేసే పరిస్థితికి మధ్య ఉన్నది దాదాపు అయిదు నెలలు. పరిశోధన అన్నాక మొదటి నమూనా పనిచేయకపోవడం మామూలే, ఆ అయిదు నెలలు దానికి ఏ మూలకూ చాలవు.

అందుకే ల్యాబ్ కన్నా ముందు అత్యవసర నిధి. వ్యాపారం చేసేవాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలదని నేను ఎప్పుడూ చెప్తుంటాను. మీకు ఏడాది ఖర్చు, అంటే 7.8 లక్షలు ఉండాలి. ఈ లోన్ కూడా తీసుకుంటే 17.5 లక్షలు అవసరం. ఇది కంపెనీ ఖాతాలో కాదు, మీ ఇద్దరి పేర్ల మీద జాయింట్‌గా ఉండాలి. కంపెనీకి డబ్బు బిగుసుకున్న ప్రతిసారీ దీని మీదే చెయ్యి పడుతుంది, పడనివ్వకండి.

తర్వాత బీమా. వ్యక్తిగత గ్యారంటీ ఇచ్చిన అప్పు మనిషితో పోదు. వారసులకు వచ్చిన ఇల్లు, ఆస్తి విలువ మేరకు బ్యాంకు వాళ్లను అడుగుతుంది. 10 లక్షల ఎండోమెంట్ మీ కుటుంబానికి ఏడాది పైన ఒక్క త్రైమాసికం వస్తుంది. పదిహేనేళ్ల ఇంటి ఖర్చు లెక్కన 1.17 కోట్లు, ఎప్పటికైనా చేసే అప్పు అదనం. 1.75 కోట్ల టర్మ్ పాలసీ (పొదుపు లేకుండా బీమా మాత్రమే ఉండేది) తీసుకోండి. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరున తీసుకుంటే ఆ డబ్బు మీద అప్పులవాళ్లకు హక్కుండదు. ఇది పాలసీ కొనేటప్పుడే రాయించాలి. అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో తీసుకున్నారని తేలితే రక్షణ ఉండదు కాబట్టి అప్పు కన్నా ముందే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. నలుగురికీ కలిపి ఆరోగ్య బీమా కూడా ఇప్పుడే చూసుకోండి, మీ ఉత్తరంలో దాని మాటే లేదు.

పరిశోధన సంగతి. ఇప్పటికే మీ ఇంజినీర్లు కొత్త మోడల్ మీద పెడుతున్న సమయం, సామగ్రి పరిశోధన ఖర్చే. దానికి వేరే లెడ్జర్ పెట్టండి, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాయించండి, ఒకరికి ఒక రోజులో 10 వేలు దాటే చెల్లింపు నగదుగా చేయొద్దు. ఈ ఏడాది లాభంలోంచి అయిదారు లక్షలతో అత్యవసరమైన టెస్టింగ్ పరికరాలు మాత్రం కొనండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి నేను చెప్పిన పాత చట్టం సెక్షన్ల నంబర్లు అందులో వేరుగా ఉంటాయి, మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి. మీ పేటెంట్‌పై రాయల్టీ వస్తే 10 శాతం పన్ను రేటు ఉంది, అది ముందు ముందు చూసుకోవచ్చు. పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల కోసం ప్రభుత్వం ప్రకటించిన లక్ష కోట్ల ఆర్‌డీఐ నిధి మీ స్థాయికి ఇప్పుడు సరిపడదు.

నమూనా పనిచేసి, కొనేవాళ్ల నుంచి రాతపూర్వకంగా ఆర్డర్లు వచ్చాక అప్పు తప్పదనిపిస్తే సీజీటీఎంఎస్‌ఈ (చిన్న పరిశ్రమల అప్పులకు హామీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీతో ఇంటి తాకట్టు లేకుండా ఇస్తారేమో మీ బ్యాంకునే అడగండి. ఇప్పటి దరఖాస్తు మాత్రం వెనక్కి తీసుకోండి. ప్రాసెసింగ్ ఫీజు కట్టేసి ఉంటే అది పోతే పోనివ్వండి.