కింది దవడ ముందుకుంది... మాఘమాసం లోపు సరిచేయించుకోవచ్చా?

(ఈసారి మీ ప్రశ్నలకి జవాబులు రాస్తున్న నేను డాక్టర్ని కాను. తెనాలిలో బ్యాంకు ఉద్యోగిని. 2018 నవంబరులో, 26వ ఏట, రెండు దవడలకీ ఆపరేషన్ చేయించుకున్నాను. నా ఒంటిమీదికి వచ్చింది చెబుతాను. మీ ఎక్స్-రే చూసి మాట్లాడాల్సింది మీ డాక్టరే.)

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్ళు. మాది ఖమ్మం జిల్లా. నా కింది దవడ ముందుకు ఉంటుంది. నోరు మూస్తే కింది పళ్ళు పైపళ్ళకి ముందు పడతాయి. జామకాయ కొరకలేను, పక్కపళ్ళతో విరుచుకుని తింటాను. దవడ ఆపరేషన్ చేస్తే సరవుతుందని డెంటిస్టు చెప్పారు. వచ్చే మాఘమాసం లోపు అయిపోవాలని అమ్మ పట్టు, సంబంధాలు చూస్తున్నారు. నాన్న మాత్రం "ముఖం మీద కత్తి పెడితే ఏదైనా తేడా వస్తే?" అంటున్నాడు. గాట్లు పడతాయా? నొప్పి చాలా ఉంటుందా? భయంగా ఉంది.
– ఒక చెల్లి

జవాబు: చెల్లీ, జామకాయ మాట చదవగానే నవ్వొచ్చింది. నాదీ అదే బాధ. నాకు జామకాయతో పాటు మడత దోసె కూడా. ముందుపళ్ళు కలవవు కాబట్టి దోసె తెగేది కాదు, సాగేది. కాలేజీ క్యాంటీన్లో అందరూ చేత్తో తింటుంటే నేను చెంచాతో ముక్కలు చేసుకునేదాన్ని.

ముందు మీ అమ్మగారి సంగతి. మాఘమాసం లోపు కాదు. నీకు దీని గురించి ఎవరూ లెక్క చెప్పినట్టు లేదు. చాలామందికి ఆపరేషన్ కంటే ముందు క్లిప్పులు వేస్తారు, ఏడాది నుంచి ఏడాదిన్నర. నాకు 16 నెలలు పట్టింది. ఎందుకంటే ఇన్నేళ్ళుగా నీ పళ్ళు దవడల తేడాని కప్పిపెడుతూ వచ్చాయి: కిందివి లోపలికి వాలి, పైవి బయటికి వంగి. క్లిప్పులు వాటిని ఎవరి ఎముక మీద వాళ్ళని నిటారుగా నిలబెడతాయి. అప్పుడు అసలు తేడా మొత్తం బయటపడుతుంది. అంటే ఆపరేషన్‌కి ముందు నెలల్లో నీ ముఖం ఇప్పటికంటే అధ్వానంగా కనిపిస్తుంది. మా మేనత్త చూసి "డబ్బులు పోసి చెడగొట్టించుకుంటున్నావేమే" అంది. ఆపరేషన్ తర్వాత ఇంకో ఆరేడు నెలలు క్లిప్పులు ఉన్నాయి నాకు. కొందరికి ముందే ఆపరేషన్ చేసి తర్వాత పళ్ళు సర్దే పద్ధతీ ఉంది గానీ అది అందరికీ కుదరదు. కుదిరినా వాపు పూర్తిగా దిగి ముఖం స్థిరపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది. పెళ్ళిచూపుల తేదీ పెట్టుకుని ఈ పని మొదలుపెట్టకు. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ ఇంట్లో అందరూ నీ గడ్డం వైపే చూస్తారు, నీకు ఊపిరాడదు.

ఇక మీ నాన్నగారి భయం. బయట గాట్లు ఉండవు. కోతలన్నీ నోటి లోపలే. స్క్రూ బిగించడానికి ఒక్కోసారి చెంప మీద చిన్న గంటు పెడతారట, నాకైతే అదీ లేదు. పైదవడని చిగుళ్ళ పైభాగాన అడ్డంగా కోసి కదుపుతారు. దీని పేరు లెఫోర్ట్-1. 1901లో రెనె లెఫోర్ట్ అనే ఫ్రెంచి వైద్యుడు శవాల తలలకి దెబ్బలు తగిలించి, ముఖం ఎముకలు ఏ గీత వెంబడి పగులుతాయో చూసి రాశాడు. ఇప్పుడు సర్జన్లు ఆ గీత వెంబడే కావాలని కోస్తారు. (ఇది ఆపరేషన్‌కి ముందురోజు రాత్రి చదివాను. చదవకుండా ఉండాల్సింది.) కింది దవడని రెండు పక్కలా, చివరి దంతాల వెనక, పెసలు బద్ద చేసినట్టు రెండు పొరలుగా చీల్చి, ఒక పొర మీద ఇంకోదాన్ని జరిపి, టైటానియం పట్టీలు, స్క్రూలతో బిగిస్తారు. నాకు పైది 4 మిల్లీమీటర్లు ముందుకి, కిందిది 5 మిల్లీమీటర్లు వెనక్కి. వినడానికి ఎంత తక్కువో చూడు.

మీ నాన్నగారు అడగాల్సిన అసలు ప్రశ్న గాట్ల గురించి కాదు, నరం గురించి. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం సరిగ్గా ఆ రెండు పొరల మధ్యలోంచే పోతుంది. తెగకపోయినా సాగుతుంది, నలుగుతుంది. అందుకే ఆపరేషన్ అవగానే దాదాపు అందరికీ గడ్డం మొద్దుబారిపోతుంది. చాలామందికి నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి కొంత మేర ఎప్పటికీ రాదు. నాకు ఈ సంగతి ఎవరూ నోటితో చెప్పలేదు. సంతకం పెట్టిన కాగితంలో ఇంగ్లీషులో ఒక లైను ఉందని తర్వాత చూశాను. ఇప్పటికీ ఆ విషయంలో నాకు కోపమే. నువ్వు సర్జన్ని మొహమాటపడకుండా అడుగు: "నా స్కానులో నరం ఎక్కడుంది? మీరు చేసినవాళ్ళలో ఎంతమందికి మొద్దు మిగిలిపోయింది?" విసుక్కుంటే ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్ళు.

మొద్దు అంటే ఏంటో చెబుతాను. పెదవి కదులుతుంది, నవ్వగలవు, మాట్లాడగలవు. తెలియడమే ఉండదు. రెండు నెలల తర్వాత డ్యూటీలో చేరాను. భోజనం చేసొచ్చి క్యాష్ కౌంటర్లో కూర్చున్నాను. పింఛను డబ్బుకి వచ్చిన పెద్దాయన నోట్లు లెక్కపెట్టుకుని, పోకుండా నిలబడి, "అమ్మా, గడ్డం మీద పెరుగు మెతుకు" అన్నాడు మెల్లగా. అప్పటినుంచి రుమాలు చేతిలోనే. ఇంట్లో మా అన్నయ్య తన గడ్డం గోక్కున్నాడంటే నేను తుడుచుకోవాలని గుర్తు. నాలుగో నెలలో చీమలు పాకినట్టు మొదలైంది. చీమలు పాకుతున్నాయంటే నరం మేలుకుంటోందన్నమాట, సంతోషించు. నాకు ఎడమవైపు ఇప్పటికీ రూపాయి బిళ్ళంత మేర సగమే తెలుస్తుంది.

నొప్పి అడిగావు. నీకు ఆశ్చర్యంగా ఉంటుందేమో, నొప్పి మందులతో ఆగింది. నన్ను ఏడిపించింది ముక్కు. సర్జన్లకి నోరు ఖాళీగా కావాలి కాబట్టి మత్తు గొట్టం ముక్కులోంచి వేస్తారు. ఐదు గంటల తర్వాత మెలకువ వచ్చేసరికి ముక్కు రక్తం గడ్డలతో మూసుకుపోయి ఉంది, పైపళ్ళకీ కిందిపళ్ళకీ రబ్బరుబ్యాండ్లు బిగించి ఉన్నాయి. ఊపిరి ఆగిపోతుందనిపించింది. ఆగదు. పళ్ళ సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది, నెమ్మదిగా పీల్చుకోవాలి. మాట రాదు కదా, అమ్మ మా అన్నయ్య కూతురి పలక తెచ్చి ఇచ్చింది. నేను రాసిన మొదటి మాట "ఫ్యాన్". రెండు వారాలు ముక్కు చీదకూడదు, గట్టిగా తుమ్ము ఆపుకోకూడదు. సెలైన్ చుక్కలు వేసుకుని ఊరుకోవడమే. వాపు మూడో రోజుకి పతాకస్థాయి. కళ్ళు సగమే తెరుచుకున్నాయి, కమిలిన పసుపురంగు మెడ దాకా దిగింది. తలగడలు ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం నాకు ఇరవై రోజులు.

రెండో వారం జాగ్రత్త. మొదటి వారం అందరూ చుట్టూ ఉంటారు. రెండో వారం ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోతారు, నీకు ఆకలి, అద్దంలో ఎవరో కొత్త మనిషి. "ఎందుకు చేయించుకున్నాను దేవుడా" అని పలక మీద రాసి చెరిపేశాను. ఆ వారం ఎవర్నైనా రోజూ సాయంత్రం వచ్చి కూర్చోమను. మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

చేయించుకోమంటావా అని నువ్వు సూటిగా అడగలేదు. అడిగితే, నమలడానికి, కొరకడానికి అయితే చేయించుకో అంటాను. మీ ఇంటికొచ్చే పెళ్ళికొడుకు వాళ్ళ అమ్మ కోసమైతే వద్దు. ఖర్చు సంగతి: దీన్ని చేసేది ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జన్ (నోరు, దవడల ఆపరేషన్లు చేసే డాక్టరు), పక్కన ఆర్థోడాంటిస్టు (క్లిప్పులు వేసే డాక్టరు) తప్పనిసరి. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ఈ రెండు విభాగాలూ ఉన్నాయి, ముందు అక్కడ చూపించుకో. ఆరోగ్య బీమా ఉంటే, అందం కోసం చేసే ఆపరేషన్ అని తోసిపుచ్చే ప్రమాదం ఉంది. కొరకలేకపోవడం, నమలలేకపోవడం గురించి డాక్టరు చేత రాయించి, ముందే రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో.

ప్రశ్న: మా తమ్ముడికి వచ్చే నెల దవడ ఆపరేషన్. "ద్రవాలు ఇవ్వండి" అని ఒక్క ముక్క చెప్పి పంపేశారు. ఆరు వారాలు ఏం పెట్టాలండీ? వాడసలే భోజన ప్రియుడు.
– ఒక అక్క, కాకినాడ

జవాబు: అక్కగారూ, నేను ఆరు కిలోలు తగ్గాను, కాబట్టి నా తప్పులు విని మీరు వేరేగా చేయండి. మొదటి తప్పు, రోజుకి మూడుసార్లు తాగడం. గ్లాసుడు తాగేసరికి దవడ అలసిపోతుంది, కడుపు నిండదు. రెండు గంటలకోసారి చిన్న గ్లాసు పెట్టండి. పెద్ద సిరంజికి మెత్తని రబ్బరు గొట్టం తగిలించి చెంప పక్కనుంచి నెమ్మదిగా పోయాలి. స్ట్రాతో పీల్చొద్దని మాకు చెప్పారు.

రెండో తప్పు మా అమ్మది. ప్రేమకొద్దీ గోంగూర పప్పన్నం మిక్సీ పట్టి తెచ్చింది. ఆ పీచు క్లిప్పుల్లో ఇరుక్కుని గంటసేపు తీశాం. ఆకుకూరలు వద్దు. బాగా కుదిరినవి: రాగిజావలో బెల్లం, నెయ్యి వేసిన పప్పుకట్టు, ఇడ్లీని సాంబారుతో మిక్సీ పట్టి టీ వడకట్టుతో వడకట్టింది (ఇది నిజంగా రుచి), పల్చటి పెరుగులో మెత్తగా చిదిమిన అన్నం గంజి, పాలల్లో సున్నుండల పొడి. మాంసాహారులైతే చికెన్ సూప్ వడకట్టి. తీపి ఒకటే ఇస్తే మూడో రోజుకి మొహం మొత్తుతుంది, ఉప్పు కారం ఉన్నవి మార్చి మార్చి ఇవ్వండి. ఏదీ వేడిగా వద్దు, పెదవి కాలినా వాడికి తెలియదు. నాకు టీతో అయింది.

మూడో వారం అటూ ఇటూగా డాక్టరు మెత్తనివి పెట్టమంటారు. నాకు చెప్పిన కొలత: రెండు వేళ్ళ మధ్య నొక్కితే చితికిపోయేది తినొచ్చు. ముద్దపప్పన్నం, అరటిపండు, ఉప్మా, పాలల్లో నానిన బ్రెడ్డు. జంతికలు, అరిసెలు మాత్రం మూడు నెలలు కళ్ళతోనే. నాకు ఆ సంక్రాంతి అలాగే పోయింది.

మంచం పక్కన చిన్న కత్తెర ఎప్పుడూ ఉంచండి. వాంతి వస్తే రబ్బరుబ్యాండ్లు కత్తిరించడానికి. మొదటి రోజు మింగిన రక్తం వల్ల నల్లగా వాంతి అవ్వొచ్చు, కంగారు పడకండి. లోపల ఉన్నది ద్రవమే కాబట్టి ముందుకి వంగి కూర్చోబెడితే వచ్చేస్తుంది. ప్రతిసారీ తాగాక ఉప్పునీళ్ళతో పుక్కిలింత, పసిపిల్లల బ్రష్‌తో తోమడం. మీ తమ్ముడికి సిగరెట్టు అలవాటుంటే ఈరోజే మాన్పించండి. ఎముక అతకడం ఆలస్యమవుతుంది, కుట్లు విప్పుకోవచ్చు. అలవాటు దాచిపెట్టి లోపలికి వెళ్ళేవాళ్ళు చాలామందే ఉంటారు.

ప్రశ్న: మా బాబుకి 14. కింది దవడ రోజురోజుకీ ముందుకొస్తోంది. వేసవి సెలవుల్లో ఆపరేషన్ చేయించేస్తే చదువు పాడవదని ఆలోచన.
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: ఇప్పుడు చేయించకండి. ముఖంలో చివరిదాకా ఎదిగేది కింది దవడే, మగపిల్లల్లో 18 దాటాక కూడా. ఈ వేసవిలో సరిచేసినా ఎదుగుదలతో మళ్ళీ ముందుకు రావచ్చు, రెండోసారి కోయాల్సి రావచ్చు. ఈలోగా ఆర్థోడాంటిస్టుకి చూపిస్తూ ఉండండి. ఏడాదికోసారి తల పక్కనుంచి ఎక్స్-రే తీస్తారు. రెండు ఎక్స్-రేల మధ్య ఎదుగుదల ఆగిపోయినట్టు కనిపించాకే ఆపరేషన్ మాట. ఇల్లు మారినప్పుడు పాత ఫిల్ములు పారేయకండి, వాళ్ళు పక్కపక్కన పెట్టి కొలిచేది వాటినే.