ఉద్యోగం మానేశాక రెండేళ్లు సొంతంగా శిక్షణ ఇవ్వకూడదన్న షరతు చెల్లుతుందా?

ప్రశ్న: నేను 11 ఏళ్లుగా ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో 6 నుంచి 10వ తరగతి వరకు తెలుగు చెబుతూ, చిత్రలేఖనం కూడా నేర్పుతున్నాను. ఉద్యోగం మాని, కథారచన, బొమ్మలు వేయడం నేర్చుకోదలచిన పెద్దలకూ పిల్లలకూ ఆన్‌లైన్‌లో శిక్షణ ఇవ్వాలని, నేను గీసిన బొమ్మలతో అభ్యాస పుస్తకాలు, కథల కార్డులు తయారుచేసి అమ్మాలని ఉంది. మానేశాక రెండేళ్లపాటు ఇదే ఊళ్లో బోధన, శిక్షణ చేపట్టరాదని, మూడు నెలల నోటీసు గానీ ఆ మేరకు జీతం గానీ ఇవ్వాలని, సర్వీసులో ఉండగా తయారుచేసినదంతా పాఠశాలకే చెందుతుందని నియామక పత్రంలో ఉంది. ఆదివారాలు ఎనిమిది మందికి ఇప్పటికే క్లాసులు చెబుతున్నాను. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కరస్పాండెంట్ దగ్గర ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: మీరు భయపడుతున్న రెండేళ్ల షరతు మీ నియామక పత్రంలో అన్నిటికంటే బలహీనమైనది. మీరు తేలిగ్గా ఒక వాక్యంలో చెప్పి వదిలేసిన ఆదివారం క్లాసులే మీకు ఎక్కువ ఇబ్బంది తెచ్చిపెట్టగలవు.

చట్టబద్ధమైన వృత్తినో వ్యాపారాన్నో చేయకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 27 చెబుతుంది. వ్యాపారాన్ని దాని గుడ్‌విల్‌తో (సంపాదించుకున్న పేరు, ఖాతాదారుల ఆదరణతో) సహా అమ్మినవారికి వర్తించే మినహాయింపు మీకు సంబంధించినది కాదు. ఉద్యోగంలో ఉన్నంత కాలం మరొకరికి పనిచేయకూడదనే షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1967లో గోలికారీ కేసులో చెప్పింది. ఒప్పందం ముగిశాక కూడా కొనసాగే నిషేధానికి సెక్షన్ 27 అడ్డు వస్తుందని 2006లో పర్సెప్ట్ డీమార్క్ సంస్థకు, క్రికెటర్ జహీర్ ఖాన్‌కు మధ్య నడిచిన కేసులో స్పష్టం చేసింది. ఇలాంటి వివాదాల్లో చాలామంది 1980 నాటి క్రిషన్ ముర్గాయ్ తీర్పును ముందు పెడతారు గానీ, ఆ కేసులో ఇద్దరు న్యాయమూర్తులు ఉద్యోగి తనంతట తాను మానేయలేదు, యాజమాన్యమే తొలగించింది కాబట్టి షరతు వర్తించదన్నారే తప్ప, సెక్షన్ 27 కింద అది చెల్లదని తేల్చిచెప్పింది మూడో న్యాయమూర్తి ఒక్కరే. మీరు స్వయంగా రాజీనామా చేయబోతున్నారు కనుక 2006 తీర్పునే ఆధారం చేసుకోవడం మంచిది.

ఇక 1967 నాటి గోలికారీ తీర్పు మీకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. రాజీనామా అమల్లోకి వచ్చేదాకా మీరు ఉద్యోగే. పైగా, ఉపాధ్యాయులెవరూ ప్రైవేటు ట్యూషన్ గానీ, ప్రైవేటు బోధన గానీ చేయరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 28 అంటోంది. ఆ చట్టం దృష్టిలో ప్రాథమిక విద్య ఎనిమిదో తరగతి దాకా ఉంటుంది కనుక, 6, 7, 8 తరగతులకు చెప్పే మీరు ప్రైవేటు పాఠశాలలో ఉన్నా అది మీకు వర్తించదనలేరు. కథలు రాయించడం ట్యూషన్ కాదని వాదించవచ్చు గానీ, 'ప్రైవేటు బోధన' అన్న మాట విశాలమైనది. అందువల్ల ఈ ఆదివారం నుంచే క్లాసులు ఆపండి. ఆ ఎనిమిది మందిలో మీ పాఠశాల విద్యార్థులు ఉంటే ఈ సలహా మరింత గట్టిగా ఇస్తున్నాను. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లున్న జాబితాను పాఠశాల నుంచి కాపీ చేసుకోవద్దు, పాఠశాల వాట్సాప్ గ్రూపుల్లో మీ శిక్షణను ప్రకటించుకోవద్దు. సెక్షన్ 27 మీ వృత్తిని కాపాడుతుంది గానీ, యాజమాన్యం నమ్మి అప్పగించిన సమాచారాన్ని వాడుకోవడాన్ని కాపాడదు.

మీ వ్యాపారం నిలబడేది బొమ్మల మీదే కాబట్టి వాటి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానే మొదటి హక్కుదారు అని 1957 నాటి కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 17 చెబుతుంది. పరీక్ష ప్రశ్నపత్రాలపై హక్కు ఎవరిదన్న వివాదం 1916లోనే ఇంగ్లండు కోర్టుకు వెళ్లింది; ప్రశ్నపత్రాలు తయారుచేసిన పరీక్షకులు విశ్వవిద్యాలయ ఉద్యోగులు కారు గనుక హక్కు మొదట వారిదేనని ఆ కోర్టు తేల్చింది. మీరు జీతానికి పనిచేసే ఉద్యోగి. కాబట్టి తరగతి కోసం రాసిన పాఠ్య ప్రణాళికలు, ప్రశ్నపత్రాలు, వార్షికోత్సవానికి వేసిన బొమ్మలు పాఠశాలవే అనుకుని వదిలేయండి. సెలవుల్లో, రాత్రిళ్లు, మీ కాగితాల మీద, ఉద్యోగ విధులతో సంబంధం లేకుండా గీసినవి మీవి. 'తయారుచేసినదంతా పాఠశాలదే' అన్న షరతును చూపి యాజమాన్యం వాటిని కూడా అడగవచ్చు. అయితే హక్కు బదిలీ పత్రంలో ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి అన్నవి స్పష్టంగా ఉండాలని సెక్షన్ 19 కోరుతుంది. కాలం రాయకపోతే ఐదేళ్లేనని కూడా ఆ సెక్షనే చెబుతుంది. గుండుగుత్తగా రాసిన ఒక వాక్యం ఈ పరీక్షకు నిలవడం కష్టం. ఆలోచన, ఇతివృత్తం వంటివాటికి కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది కాబట్టి, అదే పాఠాన్ని మీ మాటల్లో, కొత్త బొమ్మలతో మళ్లీ తయారుచేసుకోవచ్చు. పాత బొమ్మల ఫైళ్లను తేదీలు చెరగకుండా భద్రపరచండి. రేపు వివాదం వస్తే ఏది ఎప్పుడు గీశారో రుజువు చేయాల్సింది మీరే.

నోటీసు షరతు మాత్రం చెల్లుతుంది. ముందే మానేసే ఉద్యోగి పరిహారం చెల్లించాలన్న ఒప్పందం సెక్షన్ 27కు విరుద్ధం కాదని 2025లో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక మూడు నెలలూ పనిచేసి, రిలీవింగ్ ఆర్డరు తీసుకుని బయటికి రండి. సర్టిఫికెట్ల విషయంలో యాజమాన్యాలది సాధారణంగా బెదిరింపే. బకాయి కోసం ఇతరుల వస్తువులను అట్టిపెట్టుకునే సాధారణ హక్కును కాంట్రాక్టు చట్టం సెక్షన్ 171 బ్యాంకర్లు, హైకోర్టు అటార్నీలు వంటి కొద్దిమందికే ఇచ్చింది. మిగిలినవారికి స్పష్టమైన ఒప్పందం ఉండాలి. మీ నియామక పత్రంలో అలాంటి మాట లేకపోతే, రాజీనామా లేఖలోనే సర్టిఫికెట్లు ఏ తేదీలోగా ఇవ్వాలో రాసి, రసీదు తీసుకోండి. ఇవ్వకపోతే లాయరు నోటీసు పంపండి.

కొత్త పని విషయానికి వస్తే, 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన కోచింగ్ కేంద్రాల మార్గదర్శకాలు 50 మందికి మించిన విద్యార్థులున్న వాటి గురించి. కౌన్సెలింగ్, క్రీడలు, నృత్యం, నాటకం, ఇతర సృజనాత్మక కార్యకలాపాలను వాటి నిర్వచనం నుంచి మినహాయించారు. మీ శిక్షణ ఆ మినహాయింపులోకి వస్తుంది. పదో తరగతి తెలుగు పరీక్షకు కూడా సిద్ధం చేస్తానని ప్రకటిస్తే ఆ వెసులుబాటు పోవచ్చు. శిక్షణ రుసుము ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇతర రాష్ట్రాల్లోని వారికి చెప్పినా సరే. పన్ను పడే వస్తువులను ఇతర రాష్ట్రాలకు అమ్మితే మాత్రం, నోటిఫై చేసిన హస్తకళా వస్తువుల వంటి కొన్నిటిని మినహాయించి, ఈ పరిమితి వర్తించదు, అంటే 20 లక్షలు దాటకపోయినా రిజిస్ట్రేషన్ కావాలి కాబట్టి, కార్డుల అమ్మకం మొదలుపెట్టే ముందే ఆడిటరును కలవండి.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. ఐదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి, స్వయంగా రాజీనామా చేసినా మీకు గ్రాట్యుటీ వస్తుంది. ప్రైవేటు ఉపాధ్యాయులకు ఆ హక్కు 2009 సవరణతో వచ్చింది, అది 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తిస్తుంది. పాఠశాలలు దాన్ని సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. రాజీనామా లేఖతో పాటే గ్రాట్యుటీ దరఖాస్తు కూడా రాసి ఉంచుకుని, విడుదలైన రోజే ఇవ్వండి. 'ఎలాంటి బకాయిలూ లేవు' అని రాసి సంతకం పెట్టమంటే, గ్రాట్యుటీ మినహా అని చేతితో రాశాకే పెట్టండి.