బైపాస్‌లో పొలం పోతోంది, రోడ్డు ఆపించవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం శివారు గ్రామం. పట్టణంలో ట్రాఫిక్ తగ్గించడానికి వేసే జాతీయ రహదారి బైపాస్‌కు మా 1.40 ఎకరాల్లో 62 సెంట్లు తీసుకుంటున్నట్టు పేపర్లో 3ఎ ప్రకటన (భూమి తీసుకోబోతున్నామని తెలిపే తొలి ప్రకటన) వచ్చింది. పాసుపుస్తకం చనిపోయిన నాన్నగారి పేరునే ఉంది. కోర్టుకెళ్తే ఆగుతుందా?

జవాబు: ఆగడం కష్టమండీ. అలైన్‌మెంట్ (రోడ్డు వెళ్లే మార్గం) జోలికి కోర్టులు అరుదుగా వెళ్తాయి. ఆ ఖర్చేదో రికార్డుల మీద, కొలతల మీద పెట్టండి.

జాతీయ రహదారుల చట్టం, 1956లోని 3సి సెక్షన్ ప్రకారం ఆ ప్రకటన వెలువడిన 21 రోజుల్లోపు భూసేకరణ అధికారికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ఇంటికి నోటీసు వస్తుందిలే అని కూర్చోకండి. రేటు చాలదని ఇప్పుడు రాసి లాభం లేదు, అది పరిహారం తేల్చే 3జి దశలో మాట్లాడేది. సర్వే నంబరులో, విస్తీర్ణంలో తప్పులుంటే చూపండి. రోడ్డు కట్టతో చెరువు నీళ్లొచ్చే కాలువ తెగుతుంటే కల్వర్టు, మిగిలిన ముక్కకు దారి పోతుంటే అండర్‌పాస్ అడగండి. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, 1బి (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సేకరణను ఖరారు చేసే 3డి ప్రకటన వచ్చాక భూమి కేంద్రానిదే.

అధికారులు వచ్చి చేసే ఉమ్మడి కొలతలప్పుడు (జాయింట్ సర్వే) తప్పకుండా పొలంలో ఉండండి. బోరు, పైపులైను, ఒక్కో కొబ్బరి, మామిడి చెట్టు జాబితాలోకి ఎక్కాలి. ఎక్కనిదానికి తర్వాత డబ్బు రాబట్టడం గగనం.

ధరకు 3ఎ ప్రకటన తేదీయే ఆధారం. అంతకుముందు మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన అమ్మకం దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగాన్ని తీసుకుని సగటు కడతారు. ప్రభుత్వం నిర్ణయించిన రిజిస్ట్రేషన్ విలువ అంతకన్నా ఎక్కువైతే అదే లెక్క. స్టాంపు డ్యూటీ మిగులుతుందని తక్కువకు రాయించినవన్నీ ఇక్కడే ఊరిని ముంచుతాయి. ఉదాహరణకు భూమి విలువ 10 లక్షలు, దాన్ని హెచ్చించే గ్రామీణ గుణకం 1.25 అనుకుంటే 12.5 లక్షలు, చెట్లు, బోరు 1 లక్ష, మొత్తానికి 100 శాతం సొలేషియం (బలవంతపు సేకరణకు ఇచ్చే అదనపు పరిహారం) కలిపితే 27 లక్షలు. భూమి విలువపై ఏడాదికి 12 శాతం అదనం. మిగిలిన 78 సెంట్లు బోరు నుంచి విడిపోతే ఆ నష్టాన్ని కూడా విడిగా క్లెయిమ్ చేయండి.

అవార్డు (అధికారి తేల్చిన పరిహారం) నచ్చకపోతే 3జి(5) కింద ఆర్బిట్రేటర్‌కు (మధ్యవర్తికి), సాధారణంగా కలెక్టర్‌కు, దరఖాస్తు చేయాలి. అక్కడ పెరిగిన మొత్తంపై స్వాధీనం నాటినుంచి 9 శాతం వడ్డీ వస్తుంది. డబ్బు తీసుకునేటప్పుడు రసీదుపై ‘అభ్యంతరంతో’ అని రాయండి.

వారసుల మధ్య వాటాల పేచీ తేలకపోతే డబ్బు జిల్లా సివిల్ కోర్టుకు పోయి ఏళ్లపాటు చిక్కుకుంటుంది. అమ్మగారితో, అక్కచెల్లెళ్లతో సహా అందరూ రాతపూర్వకంగా ఒప్పుకుని, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు, ముటేషన్‌కు (రికార్డుల్లో పేరు మార్పుకు) ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.