పిల్లి మోకాలి నొప్పికి పారాసిటమాల్ వేయొచ్చా?

అల్మరా మీంచి దూకాక పిల్లి వెనక కాలు ఆనించట్లేదు, సగం పారాసిటమాల్ వేయనా అన్నారు. వద్దండి, పావు ముక్క కూడా వద్దు. ఆ మందును ఒంట్లో విడగొట్టే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. ఇప్పటికే వేసుంటే లక్షణాల కోసం చూడకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, విరుగుడు ఉంది. ఐబుప్రొఫెన్ కూడా వద్దు, కిడ్నీలు పోతాయి.

ఎక్స్‌రే తీసేదాకా చిన్న గదిలోనో బోనులోనో ఉంచండి. దూకడానికి ఏమీ ఉండకూడదు, మట్టి ట్రే అంచు తక్కువుండాలి. మోకాలు మీరు వంచి చూడొద్దు. మోకాలి ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్ తెగినా చాలా పిల్లులు కొన్ని వారాల కట్టడి విశ్రాంతితో నడిచేస్తాయి. డాక్టర్ మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాస్తే తిండితోనే ఇవ్వండి. తిండి మానేసినా, వాంతి చేసుకున్నా ఆపి ఫోన్ చేయండి.