వెనక టైర్లు వెడల్పుగా ఉండాలా, నాలుగూ ఒకే కొలతలో ఉండాలా?

ప్రశ్న: 2014 మోడల్ బీఎండబ్ల్యూ 320డి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత యజమాని 18 అంగుళాల అలాయ్ వీల్స్ వేయించి, ముందు 225/45 (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం), వెనక 255/40 టైర్లు పెట్టించారు. ఇప్పుడు వెనక రెండూ అరిగిపోయాయి. టైర్ల షాపులో నాలుగూ 225 వేసుకోమంటున్నారు. వెనక టైర్లు సన్నబడితే కారు పట్టు తప్పుతుందని స్నేహితులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: షాపువారి మాటే వినండి. అయితే రిమ్ముల వెడల్పు చూడకుండా మాత్రం డబ్బు కట్టకండి.

వెనక వెడల్పు టైర్లు వేసే పద్ధతికి బలమైన కారణం వెనక చక్రాల మీద పడే బరువు, శక్తి. 1973 నాటి పోర్షే 911 కరెరా ఆర్ఎస్ 2.7లో ఇంజన్ వెనక ఇరుసుకు కూడా అవతల ఉండేది కనుక ముందు 185, వెనక 215 టైర్లు అమర్చారు. మీ కారులో ఇంజన్ ముందుంది, బరువు రెండు ఇరుసుల మీద దాదాపు సమానంగా పడుతుంది, వెనక చక్రాలకు చేరే 184 హార్స్‌పవర్‌కు 225 టైరు చాలు.

మీ స్నేహితుల భయంలోనూ కొంత నిజముంది. వెనక టైర్లు వెడల్పైనవైతే వేగంగా మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లే మొదట పట్టు వదులుతాయి, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే కారు మళ్లీ దారికొస్తుంది. నాలుగూ ఒకటైతే కారు ముందుభాగం స్టీరింగ్‌కు మరింత చురుగ్గా లొంగుతుంది కాని, తడి రోడ్డు మీద మలుపులో గట్టిగా తొక్కితే వెనకభాగం కాస్త తొందరగా పక్కకు జరగవచ్చు. కారు జారకుండా బ్రేకులను తనంతట తానే వేసే స్టెబిలిటీ కంట్రోల్‌ను ఆపకుండా నడిపేవారికి ఈ తేడా తెలియడం అరుదు. పైగా, వాన నీరు నిలిచిన చోట తొందరగా నీటి మీద తేలేది వెడల్పు టైరే.

ఇక లెక్కకు వద్దాం. 225/45 టైరు ఎత్తు సుమారు 660 మిల్లీమీటర్లు, 255/40 టైరుది 661. అంటే వెనక టైరు మార్చినా స్పీడోమీటరుకు, ఏబీఎస్‌కు చిక్కేమీ రాదు. చిక్కంతా రిమ్ముతోనే. 225/45 టైరుకు 7 నుంచి 8.5 అంగుళాల వెడల్పున్న రిమ్ము సరిపోతుంది. మీ వెనక రిమ్ము లోపలివైపు 8.5జె అని ఉంటే నిశ్చింతగా బిగించుకోవచ్చు, 9జె అని ఉంటే ఆ ఆలోచన మానుకుని 255 టైర్లే కొనండి. వెనక రిమ్ము ముందుదానికన్నా వెడల్పైనదైతే, టైర్ల కొలత ఒకటే అయినా చక్రాలను ముందు వెనకలకు నేరుగా మార్చుకోకూడదు, టైర్లను విప్పి మార్చి బిగించవలసిందే. పాత టైర్లు రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే) రకమైతే కొత్తవీ అవే తీసుకోండి.

నన్నడిగితే, డబ్బు పెట్టగలిగిన రోజున 17 అంగుళాల చక్రాలు నాలుగు, 225/50 టైర్లతో వేయించుకోవడం అన్నిటికన్నా మేలు. ఇదే తరం కారుకు కంపెనీ ఇచ్చిన కొలతల్లో ఇదొకటి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో చూసుకోండి. ఇప్పుడున్న టైర్ల కన్నా దీని సైడ్‌వాల్ (పక్కగోడ) ఎత్తు దాదాపు 11 మిల్లీమీటర్లు ఎక్కువ. గుంతలో పడినప్పుడు రిమ్మును కాపాడేది ఆ రబ్బరే. నాలుగూ ఒకటే కనుక ప్రతి 8,000–10,000 కిలోమీటర్లకు ముందువి వెనకకు మార్చి సమంగా అరగనివ్వవచ్చు.

స్విఫ్ట్, ఐ20 వంటి ముందు చక్రాలతో నడిచే కార్లకు వెనక వెడల్పు టైర్లు వేయించడం చూపుకే తప్ప ఎందుకూ పనికిరాదు.

చివరగా, విప్పిన పాత వెనక టైరును షాపులో వదిలేసే ముందు దాని మీద అరచేయి అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలి అంచు దాకా పోనివ్వండి. బయట గీతలు చేతికి తగులుతూ లోపలి అంచు నున్నగా ఉంటే లోపం అలైన్‌మెంట్‌లోనో, సస్పెన్షన్‌లో అరిగిన బుష్‌లలోనో (రబ్బరు కీలు ముక్కలు) ఉంటుంది. అది సరిచేయించకుండా ఏ వెడల్పు టైరు వేసినా అలాగే అరుగుతుంది.