స్లొవేనియా ప్రముఖుల్లో తెలుసుకోదగ్గవాళ్లు ఎవరు?

నన్నడిగితే మొదట ఆ దేశపు యూరో నాణేలు చూడమంటాను. 2 యూరోల నాణెం మీద ఉన్నది కవి ఫ్రాంట్సె ప్రెషెరెన్ (1800–1849). ఆయన 1844లో రాసిన పానగీతాన్ని (విందులో గ్లాసులెత్తి పాడుకునే పాట) అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని సెన్సారు అడ్డుకుంది. 1848లో గానీ అచ్చు కాలేదు. పొరుగు దేశాలు శత్రువులుగా కాక ఇరుగుపొరుగుగా బతకాలని కోరే అందులోని ఏడో చరణమే ఇప్పుడు జాతీయగీతం. ఆయన చనిపోయిన ఫిబ్రవరి 8న దేశమంతా సెలవు. ఒక కవి పేరు మీద ఇంత గౌరవం చూస్తే ముచ్చటేస్తుంది.

1 యూరో నాణెం మీద ప్రిమోజ్ ట్రూబర్. 1550లో స్లొవీన్ భాషలో తొలి అచ్చుపుస్తకాలు ఆయనవే. రాజధాని ల్యుబ్లియానా రూపురేఖలు మార్చిన వాస్తుశిల్పి యోజె ప్లెచ్నిక్. అక్కడి మూడు వంతెనల కూడలి ఆయన పనే.

ఈ తరంలో బాస్కెట్‌బాల్‌కు లూకా దోన్చిచ్, సైక్లింగ్‌కు తాదేయ్ పొగాచర్. 2020 టూర్ ద ఫ్రాన్స్‌లో చివరి రోజుకు ముందు జరిగిన టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే విడిగా బయల్దేరి సమయంతో పోటీపడే దశ) పొగాచర్ ఆధిక్యాన్ని లాక్కున్నది మరో స్లొవీన్ ప్రిమోజ్ రోగ్లిచ్ నుంచే. సుమారు 21 లక్షల జనాభా ఉన్న దేశానికి మొదటి రెండు స్థానాలూ దక్కాయి!